గోకులమున శిశురక్షణము: పాలమూరు తల్లుల ప్రశ్న

భాగవత దశమస్కంధ పూర్వభాగమును తెలుగువారు మూడు దృష్టులతో చదువుచు వచ్చిరి. భక్తులు దానిని లీలగా చదివిరి. ఆలంకారికులు వాత్సల్యమునకు లక్ష్యముగా చదివిరి. వేదాంతులు జీవేశ్వర సంబంధమునకు సంకేతముగా చదివిరి. ఈ మూడు పఠనములును సాధువులే. వీనిలో దేనిని కాదనుటయు ఈ వ్యాసమునకు ఉద్దేశము కాదు. కాని ఆ బాల్యఘట్టములను వరుసగా పేర్చి చూచినచో, వాని యన్నిటి యందును ఒక లౌకికమైన ప్రశ్న అంతర్వాహినిగా ప్రవహించుచున్నట్లు తోచును. తల్లికి పని తగిలినప్పుడు పసిబిడ్డ ఎక్కడ ఉండవలెను? ఎవరి కనుసన్నలలో ఉండవలెను? ఆ చోటు మంచిదని తల్లిదండ్రులు దేనినిబట్టి నిశ్చయింపవలెను? పూతన, శకటము, తృణావర్తుడు, ఉలూఖలబంధనము అను నాలుగు ఘట్టములును ఈ ప్రశ్నకు సమాధానములు కాకపోవచ్చును. నాలుగు పరీక్షలు మాత్రము అగును. ఈ పరీక్షలను నేటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతముల తల్లుల స్థితితో జోడించి విమర్శించుటయే ఇచట చేయబూనిన పని.

కావ్యమునుండి సంఘజీవితమును వెలికిదీయు ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. దానికి తెలుగున మార్గము వేసినవారు ఈ సీమవారే. నేటి గద్వాల జిల్లాలోని ఇటికాలపాడు స్వగ్రామముగా గల సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, కావ్యములలో చెదరియున్న తిండి, బట్ట, ఆట, పాట, వ్యాపారము, వేడుక మున్నగు వానిని చరిత్రగా కూర్చినది. తెలుగున కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును మొదట పొందిన గ్రంథమదియే, సంవత్సరము 1955. ఆయన 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనవారు కూడ. కావ్యమును చదువుటయు, ఆ కావ్యము పుట్టిన నేలపై మనుష్యులెట్లు బ్రతుకుచున్నారని అడుగుటయు ఆయనకు రెండు పనులు కావు. ఆ మార్గమున ఒక చిన్న అడుగు వేయుటకే ఇచట ప్రయత్నము.

మొదట ఈ నేలను గూర్చి నాలుగు మాటలు. 2016 అక్టోబరు 11వ తేదీన పాత మహబూబునగరు జిల్లానుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వేరుపడినవి. గద్వాల, వనపర్తి రెండును సంస్థానములు, పండితపోషణకు పేరొందినవి. గద్వాలకు విద్వద్గద్వాలయని ప్రసిద్ధి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమ నడిగడ్డ. నాగర్‌కర్నూలునకు తూర్పున నల్లమల. పండితులకు శాలువలు కప్పిన ఈ సీమయే కూలివారిని దేశమంతటికి పంపినది. ఆనకట్టలు, కాలువలు, భవనములు కట్టబడిన దూరప్రాంతములకు గుంపుమేస్త్రి వెంట తరలిపోయిన పాలమూరు కూలీలలో భార్యాభర్తలిరువురును కూలికి పోవువారే. చంటిబిడ్డ వారి వెంట పోయెను; కొంచెము పెరిగిన బిడ్డ అవ్వతాతలయొద్ద మిగిలెను. బిడ్డను ఎవరికి అప్పగింపవలెనను ప్రశ్న ఈ సీమలో నగరముల వలె ఉద్యోగినులతో పుట్టినది కాదు. అది కూలితో పుట్టినది.

ఇక కావ్యమునకు వత్తము. దశమస్కంధ కథకు మూలమే ఒక అప్పగింత యని మనము తరచుగా మరచెదము. దేవకీవసుదేవుల బిడ్డ పెరిగినది నందుని ఇంట. తెలుగుజాతి తరతరములుగా ముద్దుచేసిన బిడ్డ కన్నతల్లి యొడిలో పెరిగిన బిడ్డ కాదు. పెంచిన తల్లి చేతులలో పెరిగిన బిడ్డ. లాలిపాటలలో ఉయ్యాల ఊపబడునది అతడే. కాబట్టి పరుల చేతిలో బిడ్డను పెట్టుటయే పాపమనియు, అట్లు పెట్టిన తల్లికి వాత్సల్యము తక్కువయనియు నిందించువారికి మన ప్రాచీన సాహిత్యమునుండి ఆసరా దొరకదు. సాహిత్యము అప్పగింతను నిందింపలేదు. ఎట్టిచోట అప్పగించిరో దానిని మాత్రము శ్రద్ధగా వర్ణించినది.

వసుదేవుడు ఎట్టిచోటిని ఎన్నుకొనెను? అశరీరవాణి, మాయ మున్నగు దైవకార్యములను ఒక్కక్షణము ప్రక్కన పెట్టి చూడుడు. గోకులమున పాలున్నవి. అప్పుడే ప్రసవించిన తల్లి యున్నది. అతని భార్య రోహిణి అంతకుముందే అచట నున్నది. ఆమె బిడ్డ బలరాముడు అచటనే పెరుగుచున్నాడు. అనగా తనవారొకరు ముందుగా ఉండి చూచిన చోటు అది. తోడి బిడ్డ యున్న చోటు. అంతటితో అతడు తృప్తిపడలేదు. నందుడు కంసునకు పన్ను చెల్లించుటకై మధురకు వచ్చినపుడు వసుదేవుడు అతని బసకు పోయి కుశలమడిగెను. ఆ కుశలప్రశ్నలను గమనింపవలెను. మీరుండు వనమున నీరు సమృద్ధిగా నున్నదా, పచ్చిక యున్నదా, పశువులు రోగములేక యున్నవా, తల్లితోకూడ నా కుమారుడు మీ మందలో సుఖముగా నున్నాడా యని అడిగెను. తుదకు, ఉత్పాతములు తోచుచున్నవి, ఆలస్యము చేయక పొమ్మని హెచ్చరించెను. వ్యాఖ్యాతలు ఈ సంభాషణమును మిత్రమర్యాదగా చూచి దాటిపోవుదురు. కాని ఇది బిడ్డను దూరమున విడిచిన తండ్రి ఆరా. నీరెట్లున్నది, ఆహారమెట్లున్నది, రోగములున్నవా, ఎవరు చూచుచున్నారు? శిశుసంరక్షణాలయపు వాకిట నిలిచిన తల్లిదండ్రులు నేడు అడుగవలసిన మొదటి నాలుగు ప్రశ్నలును ఇవియే.

వసుదేవుని హెచ్చరిక ముగియకముందే పూతన గోకులము చేరినది. ఈ ఘట్టమును మనవారు రాక్షసి వధగా చదువుదురు. కాని కవి ఆమెను రాక్షసిగా గోకులమునకు పంపలేదు, సుందరిగా పంపినాడు. పూలు ముడిచి, మేలిచీర కట్టి, చిరునవ్వుతో ఆమె ఇల్లు చొచ్చినది. యశోదారోహిణులిరువురును అచటనే యున్నారు. ఆమె కాంతికి భ్రమసి చూచుచు నిలిచిరేకాని, నీవెవరవు, ఎవరి పంపున వచ్చితివి, బిడ్డ నెత్తుకొనుటకు నీకేమి పని యని ఒక్కమాట యడుగలేదు. ఈ ఘట్టము తల్లి దూరమున నున్నప్పుడు జరిగినది కాదు. తల్లి ఎదుటనే జరిగినది. లోపము సన్నిధిలో లేదు, ప్రశ్నలో ఉన్నది. కవి చూపిన ఈ సూక్ష్మము నేటికిని వర్తించును. రంగులు వేసిన గోడలు, ద్వారమునందలి బొమ్మలు, ఆంగ్లమున వ్రాసిన పెద్ద పలక, ఏకరూపవస్త్రములు ధరించిన ఆయాలు, ఇవన్నియు చూడదగినవే. కాని వీనిని చూచుచు నిలిచిపోయిన వారు యశోదారోహిణుల స్థితిలో నున్నవారు. బిడ్డకు తిండి పెట్టునది ఎవరు, ఆమె ఎన్నాళ్లనుండి అచట పనిచేయుచున్నది, బిడ్డను తీసికొనిపోవుటకు వచ్చినవారిని గుర్తించు ఏర్పాటేమి, తల్లి ముందుగా చెప్పక ఏ గంటకు వచ్చినను లోనికి రానిత్తురా? వేళగాని వేళ వచ్చిన తల్లిని గడపవద్ద నిలుపు చోటు ఎంత అందముగా నున్నను మంచిచోటు కాదు.

రెండవది శకటభంగము. బిడ్డ ప్రక్కకు దొరలిన నాటి వేడుక. ఇంటినిండ బంధువులు. యశోద నిద్రించుచున్న బిడ్డను బండిక్రింద పరుండబెట్టి వచ్చినవారి మర్యాదలలో మునిగినది. బిడ్డ మేల్కొని పాలకై ఏడ్చెను. ఆ సందడిలో తల్లికి ఆ ఏడుపు వినబడలేదు. కాలు తగిలి బండి తలక్రిందులయ్యెను. ఇక్కడ కవి ఇంకొక సంగతి చెప్పెను. చుట్టునున్న పిల్లలు జరిగినది చూచినారు. ఈ బిడ్డయే ఏడ్చుచు కాలితో తన్నగా బండి పడినదని చెప్పినారు. పెద్దలు దానిని పిల్లల మాటగా కొట్టివేసిరి. భక్తుడు ఇచట పెద్దల అజ్ఞానమును చూచి నవ్వుకొనును. శిశురక్షణమును చింతించువాడు నవ్వజాలడు. వేడుకకు వచ్చినవారు ఎందరో. బిడ్డ ఏడుపు వినుటకు నియమింపబడినవారు ఒక్కరును లేరు. ఇల్లు నిండియుండుట వేరు, బిడ్డను చూచువారుండుట వేరు. ఉమ్మడికుటుంబమున బిడ్డ తనంత తానే పెరుగునను మన నమ్మకమునకు ఈ ఘట్టము గట్టి సవరణ.

ఈ పరీక్షకు నేడు ఒక లెక్క యున్నది. 2013లో భారతప్రభుత్వము ప్రకటించిన బాల్యప్రారంభ సంరక్షణ, విద్యా విధానము మూడేండ్లలోపు బిడ్డలు పదిమందికి ఒక సంరక్షకురాలు, మూడునుండి ఆరేండ్ల బిడ్డలు ఇరువదిమందికి ఒకరు ఉండవలెనని ప్రమాణము నిర్ణయించినది. పదిమంది చంటిబిడ్డల ఏడుపు ఒక్క స్త్రీ వినుట ఎంత కష్టమో తల్లులు ఎరుగుదురు. అది గరిష్ఠపు మేరయేకాని ఆదర్శము కాదు. కాబట్టి ఎందరు పిల్లలని అడిగి ఊరకుండరాదు; ఏ వయసు బిడ్డలు ఎందరు, వారికి ఎందరు చేతులని అడుగవలెను. వంటకు పోయిన ఆయాను ఆ లెక్కలో చేర్చరాదు. ఇక పిల్లల సాక్ష్యము మాట. మాటలు వచ్చిన బిడ్డ, నన్ను కొట్టినారనియు, చెల్లెలిని చీకటిగదిలో పెట్టినారనియు చెప్పినపుడు, దానిని పిల్లలమాటయని కొట్టివేయు పెద్దలు గోకులపు పెద్దలే. వారికి దేవుడు దొరికెను. మన పిల్లలకు మనమే దొరుకవలెను.

మూడవది తృణావర్తుని కథ. ఒడిలోని బిడ్డ కొండవలె బరువెక్కగా యశోద మోయజాలక నేలపై నుంచి ఇంటిపనులలో పడినది. సుడిగాలి వచ్చి బిడ్డను ఎత్తుకొనిపోయినది. దుమ్ముచేత ఎవరికిని ఎవరును కానరాలేదు. వాత్సల్యము ఎంత గాఢమైనను చేతులకు అలుపు కలదని కవి ఎరుగును. అలసిన తల్లిని అతడు నిందింపలేదు. కాని బిడ్డను దించిన నేల ఎట్టిదని చదువరిచే అడిగించెను. సుడిగాలికి ఈనాటి పేర్లు వేరు: మూతలేని నీటిసంపు, పొయ్యి, చేతికందు విద్యుత్తుతీగ, గొళ్లెములేని వాకిలి, వాకిటనే బస్సులు తిరుగు బాట. శిశువును ఉంచు చోటిని ఎన్నుకొనువారు గోడలకంటె ముందు నేలను చూడవలెను. నిలువుగా కాక వంగి, బిడ్డ కన్నుల ఎత్తునుండి చూడవలెను. బిడ్డ చేతికి ఏది అందునో, కాలికి ఏది తగులునో ఆ ఎత్తుననే తెలియును.

నాలుగవది ఉలూఖలబంధనము. వాత్సల్యమునకు ఇంతకుమించిన లక్ష్యము లేదని మనవారందురు. కాని కథ ఆరంభమును చూడుడు. ఇంటి దాసీజనము వేరుపనులకు పోగా యశోద తానే పెరుగు చిలుకుచున్నది. బిడ్డ పాలకై వచ్చెను. ఒడిలోనికి తీసికొనెను. అంతలో పొయ్యిమీద పాలు పొంగినవి. బిడ్డను దించి పరుగెత్తినది. బిడ్డకు కోపము వచ్చినది, కుండ పగిలినది. ఆ వెనుక బెత్తము, ఆ వెనుక రోలు, రెండంగుళములు చాలని త్రాడు. కవి తత్త్వము రెండంగుళములలో నున్నదని వేదాంతులు చెప్పుదురు. గృహజీవితతత్త్వము పొంగిన పాలలో నున్నది. ఇంట నున్న తల్లియు పనిలో నున్న తల్లియే. చిలుకుట పనియే, పొయ్యి పనియే. ఆ పనుల నడుమ బిడ్డను చూచువారు లేనందుననే రోలు దాదియైనది.

గద్వాలలో మగ్గమున్న ఇండ్లు చూచినవారికి ఈ ఘట్టమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. నూలునేతకు పట్టుటంచు, పట్టుకొంగు జతచేయు ఆ చీర ఒక్కరి చేతిపని కాదు. గుంటమగ్గముపై ఒకరు కూర్చున్నచో, కండెలు చుట్టుటకు, పోగులు అతుకుటకు ఇంటి స్త్రీలు పనిచేయవలెను. తల్లి ఇంటనే యున్నది కదా, బిడ్డకేమి కొరతయని వెలుపలివారు అనుకొందురు. తల్లి కన్ను పోగుమీద నున్నది. అట్లే నడిగడ్డ చేలలో హైబ్రిడ్ పత్తివిత్తనము పండించునపుడు సాయంకాలమున మొగ్గలలోని కేసరములు తీసివేయవలెను; మరునాటి ఉదయమున మగపువ్వుల పుప్పొడి అద్దవలెను. మొగ్గ తల్లికొరకు ఆగదు. కట్టడముల వద్ద బిడ్డను చీరకొంగుతో గుంజకు కట్టి ఇటుకలు మోయు తల్లిని చూచి కఠినురాలనువారు, యశోదను చూచి ఏల కన్నీరు కార్తురో యోచింపవలెను. త్రాడు రెండుచోట్ల ఒక్కటియే. ఇల్లు వేరు, కూలి వేరు.

ఈ ఘట్టమునుండి తేలు పరీక్ష తక్కిన వానికంటె సూక్ష్మమైనది. కట్టబడిన బిడ్డ కదలడు; కదలని బిడ్డ వెలుపలివారికి బుద్ధిమంతునివలె కనబడును. పిల్లలు వరుసగా కూర్చుండి చేతులు కట్టుకొని నిశ్శబ్దముగా నున్న శాలను చూచి ఎంత క్రమశిక్షణయని మురియు తల్లిదండ్రులు కలరు. మేరియా మాంటిస్సోరి 1907 జనవరి 6వ తేదీన రోమునగరపు కూలిజనుల పేటలో తొలి శిశుగృహమును తెరచినపుడు, ఆ యిండ్ల యజమానులు కోరినది ఒక్కటియే: తల్లిదండ్రులు పనికి పోయినపుడు పిల్లలు గోడలు పాడుచేయకుండ చూడవలెనని. గోడల రక్షణకై పుట్టిన గృహమును ఆమె శిశుస్వేచ్ఛకు నిలయము చేసెను. 1939లో ఆమె మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు భారతదేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. కదలుటయే పసిబిడ్డ చదువని ఆమె బోధ. ఉలూఖలకథ సారమును అదియే: కట్టబడినవాడు రోలునైన ఈడ్చుకొని పోయెను. రెండున్నరయేండ్ల బిడ్డచే అక్షరములు దిద్దించుట కూడ ఒక విధమైన రోలే. ఇట్టి శాలకు రుసుము ఎక్కువయైనంత మాత్రమున త్రాడు పట్టుత్రాడు కాదు.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. భగవల్లీలను శిశుసంరక్షణ పాఠముగా చదువుట కావ్యమును చిన్నబుచ్చుట కాదా? అసురసంహారము ప్రధానమైనపుడు ఇంటిపనులు ఉపకరణమాత్రములు కదా? దీనికి సమాధానము కావ్యములోనే కలదు. అసురుడు వచ్చుట ప్రధానమైనచో కవికి బండిక్రింద నీడ అక్కరలేదు, పొంగు పాలు అక్కరలేదు, తల్లి చేతుల అలుపు అక్కరలేదు. ప్రతి ఘట్టమునను ప్రమాదము ఇంటిపనిలోని ఒక సందునుండియే ప్రవేశించినది. ఆ సందు నిజమైనదిగా చదువరికి తోచినందుననే లీల ఆశ్చర్యముగా తోచుచున్నది. లోకము నిజము కానిచో లోకోత్తరము నిలువదు. కాబట్టి ఇంటిపనిని ఎత్తిచూపుట లీలకు అపచారము కాదు. లీల నిలిచిన పీఠమును చూపుట.

వేరొక ఆక్షేపణ దీనికంటె బలమైనది. దానిని ఇంతవరకు విమర్శకులు తగినంతగా చర్చింపలేదు. యశోద ఇంటి దాసీజనము వేరుపనులకు పోయినారని కథ చెప్పుచున్నది. ఆ దాసీల బిడ్డలు ఎక్కడ? గోపబాలకులున్నారు, వారి తల్లులున్నారు. వెన్నపోయినదని ఫిర్యాదు చేయుటకు వచ్చు ఇల్లాండ్రున్నారు. కాని పరుల ఇంట పనికి పోయిన స్త్రీ తన చంటిబిడ్డను ఏ బండిక్రింద పరుండబెట్టివచ్చినదో కావ్యము అడుగలేదు. యజమానురాలి బిడ్డ కట్టబడిన రోలు మోక్షకథయైనది. పనిమనిషి బిడ్డకు రోలుకూడ దొరకలేదు. ఇది పోతన దోషమని చెప్పుట కాలజ్ఞానము లేని మాట. సంస్కృతమూలమును అనుసరించిన కవి ఆ మూలపు పరిధిలో సంచరించెను. కాని వాత్సల్యరసమునకు ఇదియే పరమావధియని బోధించునపుడు, ఆ రసము ఎవరి వాకిటివరకు వచ్చి ఆగినదో విద్యార్థులకు చెప్పకపోవుట మన దోషమగును. పాలమూరు కూలితల్లి ఆ ఆగిన వాకిటి వెలుపల నిలిచియున్నది.

కావ్యము అడుగని ప్రశ్నను చట్టము ఆలస్యముగా అడిగినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఏబదిమందికంటె ఎక్కువ స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్లలోపు బిడ్డలకు శిశుగృహము ఉండవలెనని విధించినది. 1976 సవరణ ఆ సంఖ్యను ముప్పదికి దించినది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పనిస్థలమున ఆరేండ్లలోపు బిడ్డలు ఐదుగురు లేక అంతకుమించి యున్నచో వారిని చూచుటకు కూలిస్త్రీలలో ఒకరిని నియమించి ఆమెకును కూలి యియ్యవలెనని నిర్ణయించినది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమునకు జరిగిన సవరణ ఏబదిమంది ఉద్యోగులున్న సంస్థలలో శిశుగృహమును, తల్లి దినమునకు నాలుగు పర్యాయములు బిడ్డను చూచివచ్చు హక్కును కల్పించినది. ఢిల్లీలో 1969లో మీరా మహదేవన్ నెలకొల్పిన మొబైల్ క్రెషెస్ అను సంస్థ కట్టడముల వద్దకే శిశుగృహమును తీసికొనిపోయినది. కాని ఫ్యాక్టరీ లేని ఊరికి ఫ్యాక్టరీచట్టము రాలేదు. ఇంటి మగ్గమునకు, విత్తనపుచేనుకు, గుంపుమేస్త్రి ముఠాకు ఏబదిమంది లెక్క కుదురదు.

మన ఊళ్లలో మిగిలినది అంగన్‌వాడీ. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రదేశపు తీరగ్రామమైన బోర్డిలో పల్లెబిడ్డల బడి ఆరంభించి, బడికి రాలేని బిడ్డల వాకిళ్లకే బడిని కొనిపోయినది. వాకిలియను అర్థము గల అంగన్ శబ్దమునుండియే ఈ పేరు వచ్చినది. 1975 అక్టోబరు 2వ తేదీన ముప్పదిమూడు ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆ పేరును దేశమంతట వ్యాపింపజేసినది. మూడునుండి ఆరేండ్ల బిడ్డలకు అచట భోజనమును, ఆటపాటలును గలవు. ఏడుమాసములనుండి మూడేండ్లవరకు గల బిడ్డలకు తెలంగాణమున బాలామృతమను పిండి ఇంటికి ఇత్తురు. ఇచట పథకపు సందు తెలియుచున్నది. పిండి ఇంటికి వచ్చును; ఆ పిండి కలిపి తినిపించు చేయి చేనిలో నున్నది. మూడేండ్లలోపు బిడ్డను పగలంతయు ఉంచుకొను ఏర్పాటు సాధారణ కేంద్రమునకు లేదు. 2022లో పాల్నా పేరిట అంగన్‌వాడీకి శిశుగృహమును జతచేయు పథకము వచ్చినది. అది సరియైన దిక్కున వేసిన అడుగు. కాని ఉదయము తొమ్మిదికి తెరచి సాయంకాలము నాలుగింటికి మూయు చోటు, తెల్లవారకముందే చేనికి పోవు తల్లికి సగము చోటే. మంచిచోటు ఏదని అడుగుటకు ముందు అసలు చోటున్నదా యని అడుగవలసివచ్చుట ఈ సీమ తల్లుల విశేషదుఃఖము. ఎన్నుకొనుటకు రెండైన ఉండవలెను కదా.

జిల్లాకేంద్రములైన పిమ్మట గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణములకు కార్యాలయములు వచ్చినవి. అవ్వతాతలను వేరొకచోట విడిచి ఉద్యోగమునకు వచ్చిన తల్లులును కలరు. వారికి ప్లేస్కూళ్లు, డేకేర్లు కనబడుచున్నవి. కూలితల్లికి చోటు లేదు, ఉద్యోగినికి ప్రమాణము లేదు. ఇరువురి ప్రశ్నయు చివరకు ఒక్కటియే. వసుదేవుని నాలుగు ప్రశ్నలు, నాలుగు ఘట్టముల నాలుగు పరీక్షలు ఇరువురికిని చెల్లును. ప్రైవేటు శాలకు ఎంత చెల్లునో అంగన్‌వాడీకి అంతయే చెల్లును. వానిని అడుగుటకు చదువు అక్కరలేదు. అడుగుటకు హక్కున్నదను ఎరుక చాలును.

తుదకు శబ్దవిచారము. తెలుగున బిడ్డను చూచు స్త్రీకి దాది యను మాట కలదు, ఇది ధాత్రీశబ్దభవము. ధాత్రి యనగా తల్లి, ఉపమాత, భూమి, ఉసిరిక యని నిఘంటువులు ఒక్కచోట చేర్చినవి. కన్నతల్లికి, పెంచిన స్త్రీకి, నేలకు ఒక్కటే పేరు పెట్టిన భాష మనది. తరువాత పోర్చుగీసువారినుండి ఆయా యను మాట వచ్చి దాదిని సేవకురాలిని చేసినది. నేడు అంగన్‌వాడీ ఉపాధ్యాయినికిని, ఆయాకును ఇచ్చునది జీతము కాదు, గౌరవవేతనము. గౌరవము పేరిట వేతనమును తగ్గించిన సమాసము ఇది. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ పొందు అర్హత కలదని తీర్పు చెప్పినది. పనిని పనియని ఒప్పుకొనుటకు అదియొక మొదలు. బిడ్డను చూచు స్త్రీకి జీతము తక్కువగా నున్నచోట ఆమె నిలువదు. ఆమె నిలువనిచోట బిడ్డకు పరిచయమైన ముఖముండదు. పసిబిడ్డకు చోటనగా గోడలు కావు, దినదినము కనబడు ఒక ముఖము. కాబట్టి మంచి శిశుగృహమును గుర్తించుటకు తుదిపరీక్ష ఒకటి చేర్చవలెను: అచటి దాదులు సంవత్సరము తిరుగకముందే మారుచున్నారా? వారి బిడ్డలను వారు పనిచేయువేళ ఎవరు చూచుచున్నారు?

ఈ చివరి ప్రశ్న మరల మనలను గోకులమునకే చేర్చును. యశోద వాత్సల్యమును మనము తరతరములుగా పాడుకొంటిమి. ఆ పాట మానవలసిన పని లేదు. కాని వేరుపనులకు పోయిన ఆ దాసీజనము బిడ్డలను గూర్చి ఒక్క పద్యము వ్రాయువారు ఇంకను రావలసియున్నారు. పండితులకు ప్రసిద్ధికెక్కిన గద్వాల, వనపర్తి నేలనుండియే, కూలికి పేరొందిన ఈ పాలమూరునుండియే, ఆ పద్యము వచ్చుట ఉచితము. అది వచ్చునంతవరకు, తరగతిగదిలో దశమస్కంధమును బోధించు మనము ఆ పద్యపు ఖాళీని విద్యార్థులకు చూపుట విమర్శకుల కనీసధర్మము.